ఒకే యుద్ధం, రెండు గీతలు: విశాఖ మన్యం నుంచి చూస్తే దేశాలు ఎలా పుడతాయి

1758 అక్టోబర్‌లో కర్నల్ ఫోర్డ్ అనే ఇంగ్లీషు అధికారి దాదాపు 500 మంది తెల్ల సైనికులతో, 2000 మంది సిపాయిలతో కలకత్తా నుంచి ఓడల మీద వచ్చి విశాఖపట్నంలో దిగాడు. ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టింది విజయనగరం ఆనందరాజు. డిసెంబర్‌లో ఇద్దరి సైన్యాలూ కలిసి గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లను ఓడించాయి. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. ఆ తర్వాత అయిదు నెలలకు, 1759 సెప్టెంబర్‌లో, ఎక్కడో కెనడాలో క్విబెక్ నగరం బయట ఇంకో ఇంగ్లీషు సైన్యం ఇంకో ఫ్రెంచి సైన్యాన్ని ఓడించింది.

ఇవి రెండు యుద్ధాలు కావు. ఒకే యుద్ధంలో రెండు రంగాలు. చరిత్రకారులు దాన్ని సప్తవర్ష సంగ్రామం అంటారు. మన స్కూలు పుస్తకాల్లో చందుర్తి ఒక మార్కు ప్రశ్న, అమెరికా స్వాతంత్ర్యం వేరే సంవత్సరంలో వచ్చే వేరే పాఠం. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం మనకు ఎవరూ నేర్పలేదు. పెట్టి చూస్తే ఒక చిత్రమైన విషయం కనిపిస్తుంది. యుద్ధం అయ్యాక ఖర్చు లెక్కలు వేసుకున్న ఇంగ్లీషు ప్రభుత్వం 1763లో అమెరికా కొండల మీద ఒక గీత గీసింది. అలాంటి లెక్కలే వేసుకుని 1839లో విశాఖపట్నం జిల్లా కొండల చుట్టూ ఇంకో గీత గీసింది. మొదటి గీతను అక్కడికి వలస వెళ్లిన తెల్లవాళ్లే చెరిపేశారు, అందులోంచి ఒక దేశం పుట్టింది. రెండో గీతను ఎవరూ చెరపలేదు. అది మన రాజ్యాంగంలోకి వచ్చి కూర్చుంది.

విశాఖ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన సంవత్సరం ఏదని అడిగితే చాలామంది పోర్టు తెరిచిన 1933 అంటారు, లేదా అల్లూరి చింతపల్లి స్టేషన్ మీద దాడి చేసిన 1922 అంటారు. నేను 1839 అంటాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

భూమి కోసం వచ్చినవాళ్లు, శిస్తు కోసం వచ్చినవాళ్లు

వలస పాలన అంతా ఒకే రకం కాదు. మన పాతనగరంలో ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది 1682లో. ఫ్యాక్టరీ అంటే పొగగొట్టాలు కాదు, సరుకు కొని నిలవచేసే గిడ్డంగి, దానికో ప్రహరీ, కొందరు గుమాస్తాలు. వాళ్లకు కావాల్సింది మన నేతగాళ్లు నేసే పంజం అనే నూలు బట్ట. 1689లో ఔరంగజేబు సైన్యం ఆ ఫ్యాక్టరీని పట్టుకుని అందులో ఉన్నవాళ్లను చంపేసింది. ఆ మరుసటి ఏడాదే కంపెనీవాళ్లు మళ్లీ వచ్చి దుకాణం తెరిచారు. వాళ్లకు పట్టుదల ఎక్కువే, కానీ ఆ పట్టుదల వ్యాపారం కోసం. పక్కనే భీమిలిలో డచ్చివాళ్లు అంతకుముందు నుంచే ఉన్నారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పి వెళ్లిపోయారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మిగిల్చిన సంతతి అంటూ పెద్దగా ఏమీ లేదు.

అమెరికా తూర్పు తీరానికి వెళ్లిన ఇంగ్లీషువాళ్లు అలా వెళ్లలేదు. పెళ్లాం పిల్లలతో, నాగళ్లతో, విత్తనాలతో, చర్చితో వెళ్లారు. తిరిగి రావాలన్న ఆలోచన లేదు. 1776 నాటికి ఆ పదమూడు వలసల జనాభా దాదాపు 25 లక్షలు. అందులో ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్లూ ఉన్నారు. ఇంతమందికి తిండి పెట్టాలంటే భూమి కావాలి. ఆ భూమి అప్పటికే వేరేవాళ్లది. అక్కడ గొడవంతా ఇదే.

ఇక్కడ అలా ఎందుకు జరగలేదు? తెల్లవాళ్లకు మంచితనం ఎక్కువై కాదు. ఇక్కడి పల్లాలు అప్పటికే జనంతో, సాగుతో, కరణాలతో, శిస్తు లెక్కలతో నిండి ఉన్నాయి. ఎవరినో తరిమేసి వ్యవసాయం చేయడం కంటే, చేస్తున్నవాడి దగ్గర వాటా లాక్కోవడం సులువు. పైగా కంపెనీయే చాలాకాలం యూరోపియన్లను ఇక్కడ భూములు కొననివ్వలేదు. 1833 చార్టర్ చట్టం తర్వాతే ఆ అడ్డు తొలగింది. తన గుత్త వ్యాపారానికి సొంత దేశస్తులు పోటీ వస్తారన్న భయం దానిది.

ఈ తేడా చిన్నది కాదు. భూమి కోసం వచ్చినవాడికి స్థానికుడు అడ్డం. శిస్తు కోసం వచ్చినవాడికి స్థానికుడు అవసరం. మొదటిచోట స్థానికులను తొలగిస్తారు, రెండోచోట లొంగదీసి పని చేయిస్తారు. మొదటిచోట వలసవాళ్లే ఓ రోజు "మేమే దేశం" అంటారు. రెండోచోట ఆ మాట అనాల్సింది లొంగినవాళ్లు. అయితే విశాఖ జిల్లాలో మూడో రకం చోటు ఒకటుంది: శిస్తు పెద్దగా రానిది, లొంగదీయడానికి ఖర్చు మాత్రం విపరీతంగా అయ్యేది. మన్యం.

బొబ్బిలి సంగతేంటి అంటారా

విశాఖ, విజయనగరం వైపు ఎవరితో ఈ మాటలు మాట్లాడినా "మరి బొబ్బిలి?" అని అడగకుండా వదలరు. న్యాయమే. 1753లో నిజాం సలాబత్‌జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ శిస్తు వసూలుకు వచ్చాడు. 1757 జనవరిలో విజయనగరం విజయరామరాజు అతణ్ని తనకు అక్కరకొచ్చే పగ మీదికి తిప్పుకున్నాడు. బొబ్బిలి కోట పడింది. తాండ్ర పాపారాయుడు విజయరామరాజును చంపి పగ తీర్చుకున్నాడు. ఆ ఏడాది జూన్‌లోనే బుస్సీ విశాఖపట్నం ఫ్యాక్టరీని కూడా ఇంగ్లీషువాళ్ల దగ్గర్నుంచి లాక్కున్నాడు. విజయరామరాజు తర్వాత గద్దెక్కిన ఆనందరాజుకు బుస్సీతో పొసగలేదు. 1758లో ఆయనే ఫ్రెంచివాళ్ల మీద తిరగబడి విశాఖపట్నాన్ని పట్టుకుని, ఇంగ్లీషువాళ్లను రమ్మన్నాడు. ఫోర్డ్ దిగింది అందుకే.

ఇక్కడ మనం సాధారణంగా "మనవాళ్ల అనైక్యత వల్లే తెల్లవాడు గెలిచాడు" అనే తీర్పు ఇచ్చేస్తాం. నాకు ఆ తీర్పు తొందరపాటు అనిపిస్తుంది. 1757లో "మనవాళ్లు" అనే జట్టు లేదు. విజయనగరానికి బొబ్బిలి శత్రువు, ఫ్రెంచివాడు అద్దె సైన్యం. ఆనందరాజు లెక్కలో ఇంగ్లీషువాడు ఇంకాస్త చవకైన అద్దె సైన్యం. అమెరికాలోనూ అంతే: స్థానిక తెగల్లో కొన్ని ఫ్రెంచివైపు, కొన్ని ఇంగ్లీషువైపు నిలబడ్డాయి, ఎవరి లెక్కలు వాళ్లవి. దేశం అనేది ముందే ఉండి ఓడిపోలేదు. ఈ గొడవల్లోంచే తర్వాత తయారైంది.

1763: మొదటి గీత

యుద్ధం ముగిసి 1763 ఫిబ్రవరిలో పారిస్ ఒప్పందం కుదిరేసరికి ఇంగ్లండు ప్రభుత్వ అప్పు దాదాపు రెట్టింపైంది. గెలిచింది నిజమే, చేతిలో డబ్బు లేదు. అదే సమయంలో అమెరికా లోపలి ప్రాంతాల్లో పాంటియాక్ అనే ఒటావా నాయకుడు, చుట్టుపక్కల తెగలు కలిసి ఇంగ్లీషు కోటల మీద పడ్డారు. ఫ్రెంచివాడు పోయాడు కాబట్టి ఇక భూములన్నీ మావేనని వలసవాళ్లు కొండలు దాటి రావడం దానికి ఒక కారణం.

ఇంకో యుద్ధం చేసే ఓపిక లండన్‌కు లేదు. అందుకని 1763 అక్టోబర్ 7న రాజు పేరుతో ఒక ప్రకటన వచ్చింది. అపలాచియన్ కొండల శిఖరం వెంట గీత గీశారు. దానికి పడమర భూములు స్థానిక తెగలవి. వలసవాళ్లు అక్కడ కాపురం పెట్టకూడదు. తెగల భూమిని సొంతంగా ఎవరూ కొనకూడదు, కొంటే ప్రభుత్వమే కొనాలి.

వినడానికి గిరిజన రక్షణ చట్టంలా ఉంది కదా. ఉద్దేశం మాత్రం పహరా ఖర్చు తగ్గించుకోవడం. వలసవాళ్లకు ఒళ్లు మండింది. వాళ్లలో పేద రైతులే కాదు, పడమటి భూముల మీద పెట్టుబడి పెట్టిన పెద్దమనుషులూ ఉన్నారు. జార్జి వాషింగ్టన్ వాళ్లలో ఒకడు. ఆ పైన 1765లో స్టాంపు పన్ను వచ్చింది, అదీ అమెరికాలో ఉంచిన సైన్యం ఖర్చు కోసమే. తర్వాత టీ గొడవ. 1776లో స్వాతంత్ర్య ప్రకటన. ఆ ప్రకటన మొదట్లో మనుషులంతా సమానమని ఉంటుంది. అది అందరికీ తెలుసు. అదే పత్రం చివర్లో రాజు మీద మోపిన ఆరోపణల జాబితాలో స్థానిక తెగలను "దయలేని అనాగరికులు" అనడం కూడా ఉంది. వాళ్లను మా మీదికి ఉసిగొల్పాడని ఫిర్యాదు. దేశం పుట్టిన కాగితం మీదే ఎవరు ఈ దేశం కాదో కూడా రాసుకున్నారు. 1830లో తెగలను మిసిసిపీ నదికి పడమర తరలించే చట్టం వచ్చింది. కొండల మీది గీత అప్పటికే చెరిగిపోయి చాలా కాలమైంది.

కెనడా దారి వేరు. అక్కడా వలసవాళ్లే నిలదొక్కుకున్నారు, తెగలను అక్కడా అణచివేశారు. కానీ ఆ దేశం ఇంగ్లీషు రాజుతో తెగదెంపులు చేసుకోలేదు కాబట్టి 1763 ప్రకటన రద్దు కాలేదు. 1982 నాటి కెనడా రాజ్యాంగ చట్టంలో ఆ ప్రకటన పేరు ఇప్పటికీ ఉంది. అక్కడి స్థానిక ప్రజలు భూమి కేసుల్లో దాన్ని చూపిస్తూనే ఉంటారు.

కారన్‌వాలిస్ ఇటొచ్చాడు

1765లో అటు స్టాంపు పన్ను చట్టం అయితే, ఇటు అదే ఏడాది ఆగస్టులో మొఘల్ చక్రవర్తి షా ఆలం ఉత్తర సర్కారులను కంపెనీకి ఇస్తూ ఫర్మానా ఇచ్చాడు. మరుసటి ఏడాది నిజాంతో ఒప్పందం. విశాఖపట్నం ఇప్పుడు గిడ్డంగి కాదు, రాజ్యంలో భాగం.

1781లో అమెరికాలో యార్క్‌టౌన్ దగ్గర లొంగిపోయిన ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్. అయిదేళ్ల తర్వాత ఆయనే గవర్నర్ జనరల్‌గా కలకత్తాకు వచ్చాడు. 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చాడు: జమీందారు ఏటా ఇంత పేష్కష్ కట్టాలి, అది ఎప్పటికీ మారదు, కట్టకపోతే ఎస్టేటు వేలం. 1802లో మద్రాసు ప్రభుత్వం ఆ పద్ధతినే మన సర్కారులకు తెచ్చింది. విజయనగరం మీద వేసిన పేష్కష్ ఏడాదికి 5 లక్షల రూపాయలు.

దానికి ముందు లెక్కలు తేల్చుకునే పని ఒకటి ఉంది. 1780లోనే ఒక హెచ్చరిక వచ్చింది. హైదరాలీతో యుద్ధానికి మద్రాసు వెళ్లడానికి ఓడ ఎక్కమంటే విశాఖపట్నం సిపాయిలు అక్టోబర్ 3న తిరగబడి అధికారులను కాల్చారు. 1857కు 77 ఏళ్ల ముందు సంగతి ఇది. ఊళ్లో మాత్రం ఆ తేదీ ఎవరికీ గుర్తు లేదు. తర్వాత 1794. పేష్కష్ బకాయిల పేరుతో విజయనగరాన్ని స్వాధీనం చేసుకుని, చిన విజయరామరాజును మచిలీపట్నం వెళ్లిపొమ్మన్నారు. ఆయన వెళ్లలేదు. పద్మనాభంలో మకాం పెట్టాడు. జూలై 10న కంపెనీ సైన్యం వచ్చింది. గంటసేపు కూడా సాగని ఆ పోరులో రాజు, ఆయన చుట్టూ ఉన్న దొరలు చాలామంది చనిపోయారు. (అల్లూరి సీతారామరాజు పుట్టిన పాండ్రంగి కూడా ఈ పద్మనాభం మండలంలోనే ఉంది. ఒక చిన్న మండలానికి ఇంత చరిత్ర ఎక్కువే.)

ఆ యుద్ధం కంటే తర్వాత జరిగిందే మనకు ముఖ్యం. రాజు కొడుకు నారాయణబాబును తీసుకుని కుటుంబం కొండ జమీందార్ల ఆశ్రయానికి చేరింది. కొండల్లో ఉన్న కుర్రవాణ్ని పట్టుకోవడం కంటే బేరమాడటం మేలని కంపెనీకి అర్థమైంది. జమీందారీని కుదించి తిరిగి ఇచ్చింది. కొండ జమీందార్లను మాత్రం విజయనగరం కింద నుంచి తప్పించి తనతో నేరుగా కట్టిపడేసుకుంది. కొండ, పల్లం అప్పటిదాకా ఒకే అధికారపు తాడుకు వదులుగా కట్టి ఉండేవి. ఆ ముడి 1794లో ఊడింది. తర్వాత వచ్చిన గొడవలన్నీ కొండ జమీందార్లకు కంపెనీతో నేరుగా వచ్చినవే.

1839: రెండో గీత

వేలం పాట పల్లంలో బాగానే నడిచింది. కొండల్లో నడవలేదు. బకాయి పడ్డాడని ఒక దొరను తీసేసి ఎస్టేటు వేలం వేస్తే, పాడుకున్నవాడు అక్కడికి వెళ్లి శిస్తు వసూలు చేయగలగాలి కదా. ప్రజలు పాత దొరనే దొర అన్నారు. 1830ల మొదట్లో కాశీపురం వీరభద్రరాజు, పాయకరావు, పాలకొండ, పక్కన గంజాంలో పర్లాకిమిడి, అన్నీ ఒకేసారి అంటుకున్నాయి. సైన్యాన్ని పంపితే బాణాల కంటే కొండజ్వరం ఎక్కువమందిని చంపింది. మలేరియాకు కారణం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు.

అణచివేతకు ప్రత్యేక కమిషనర్‌గా వచ్చిన జార్జి రస్సెల్ అణచడమైతే అణిచాడు. కానీ వెళ్తూ వెళ్తూ ఒక సలహా ఇచ్చాడు: ఈ కొండలకు మామూలు కోర్టులు, మామూలు రెగ్యులేషన్లు పనికిరావు. ఆ సలహా 1839 నాటి 24వ చట్టమైంది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ఎస్టేట్లను మామూలు చట్టం నుంచి తీసేశారు. అక్కడ జిల్లా కలెక్టరే గవర్నరుకు ఏజెంటు. సివిల్ తగాదా అయినా, హత్య కేసు అయినా ఆయనే చూస్తాడు. ఇప్పటికీ పాడేరు బస్సెక్కేవాళ్లు "ఏజెన్సీకి వెళ్తున్నాం" అనేది ఆ ఏజెంటు వల్లే.

మొదట ఆ గీత చాలా పెద్దది. విజయనగరం, బొబ్బిలి లాంటివి కూడా అందులోనే ఉండేవి. 1863లో పల్లపు ఎస్టేట్లను బయటికి తీసి గీతను కొండ అంచుకు జరిపారు. ఎక్కడెక్కడ జరపాలన్నది నిర్ణయించింది గిరిజనులు ఎక్కడున్నారన్న లెక్క కాదు, ఏ ఎస్టేటు నెమ్మదించిందన్న లెక్క. ఈ ముక్క గుర్తుంచుకోండి. చివర్లో పనికొస్తుంది.

ఈ చట్టాన్ని గిరిజన రక్షణ అని పొగిడేవాళ్లున్నారు, విభజించి పాలించడం అని తిట్టేవాళ్లున్నారు. రెండూ సరిపోవు. 1839లో ఎవరినీ రక్షించాలని ఎవరూ అనుకోలేదు. సైన్యం ఖర్చు తగ్గాలి, అంతే. అచ్చం 1763 లాగే. కానీ ఖర్చు తగ్గించుకోవడానికి గీసిన గీతకు అనుకోని ఫలితం ఒకటి వచ్చింది. అది ఎలాంటిదో గీత లేనిచోట తెలిసింది.

1839 చట్టం వర్తించింది గంజాం, విశాఖపట్నం జిల్లాలకే. రంప గోదావరి జిల్లాలో ఉంది. అక్కడ పల్లపు సావుకారు ఉప్పు, బట్ట అప్పిచ్చి, తర్వాత పల్లపు సివిల్ కోర్టులో కేసు వేసేవాడు. కొండ దిగి రాలేని కొండరెడ్డి కోర్టుకు రాడు. కోర్టు ఏకపక్షంగా డిక్రీ ఇస్తుంది. సావుకారు బంట్రోతును తీసుకుని కొండెక్కి గొడ్లను తోలుకుపోతాడు. దాని మీద మన్సబుదారు (రంప దొర) దోపిడి, కల్లు మీద చిగురు పన్ను, పోలీసుల మామూళ్లు. 1879లో రంప అంటుకుంది. కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, చంద్రయ్య లాంటి నాయకులతో గొలుగొండ కొండలదాకా పాకింది. మామూలు న్యాయం కొండ మీద ఎంత అన్యాయంగా నడుస్తుందో ఆ విచారణలో బయటపడింది.

అలాగని గీత లోపలివాళ్లు సుఖపడ్డారా? లేదు. 1882 మద్రాసు అటవీ చట్టం గీతను లెక్కచేయలేదు. పోడు కొట్టుకుంటే నేరం, కట్టెలు తెచ్చుకుంటే నేరం. ముఠాదార్లు, అంటే ముఠా అనే కొన్ని ఊళ్ల గుంపుకు దొరలు, పాత పేరుతో ఉన్నారు గానీ పెత్తనం పోయి, శిస్తు వసూలు చేసి పెట్టే ఉద్యోగులయ్యారు. గూడెంలో డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించిన తీరు, కూలి ఎగ్గొట్టిన తీరు తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద అల్లూరి దాడి, తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. 1924 మే 7న కొయ్యూరులో అల్లూరిని చంపేశారు. మధ్యలో మన్యాన్ని అణచడానికి మలబారు పోలీసులు చాలక అస్సాం రైఫిల్స్‌ను దించారు. కొండల్లో కొట్లాడటం అలవాటైన దళమని ఎక్కడో ఈశాన్యం నుంచి తెచ్చి మన కొండల మీదికి వదిలారు.

ఈ పోరాటంలో గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు. గంటందొర పోరులో చనిపోయాడు. మల్లుదొర దొరికి, ఏళ్ల తరబడి శిక్ష అనుభవించాడు. 1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి లోక్‌సభ ఎన్నికల్లో విశాఖపట్నం నియోజకవర్గం నుంచి ఇద్దరు గెలిచారు, ఒక సీటు గిరిజనులకు. ఆ సీటులో గెలిచిన స్వతంత్ర అభ్యర్థి పేరు గాం మల్లుదొర. ముప్పయ్యేళ్ల కిందట ప్రభుత్వం మీద తుపాకీ ఎత్తిన మనిషి, కొత్త దేశం మొదటి సభలో సభ్యుడు. అమెరికాలో పాంటియాక్ వైపు పోరాడినవాళ్లకు ఇలాంటి రోజు రాలేదు. వలస రెండు రకాలు అని పైన చెప్పిన మాటకు ఇంతకంటే బలమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

గీత రాజ్యాంగంలోకి ఎలా వచ్చింది

1839 చట్టం 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం కింద చేరింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది: ఏజెన్సీలో గిరిజనుడి భూమిని ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనేతరుడికి బదిలీ చేయకూడదు. రక్షణ అనే మాట నిజంగా మొదలైంది ఇక్కడే, గీత గీసిన 78 ఏళ్లకు. 1935 చట్టంలో ఇవి పాక్షిక మినహాయింపు ప్రాంతాలయ్యాయి.

కాంగ్రెస్ నాయకులు చాలామందికి ఈ మినహాయింపులు నచ్చేవి కావు. దేశాన్ని ముక్కలుగా ఉంచడానికి తెల్లవాడు వేసిన ఎత్తు అనేవారు. వాళ్ల అనుమానంలో న్యాయం లేకపోలేదు. ఎన్నికైన సభ చేసిన చట్టాలు కూడా గవర్నరు సరేనంటేనే అక్కడ వర్తించేవి. అయినా రాజ్యాంగ సభ ఆ గీతను తుడిచేయలేదు. ఠక్కర్ ఉపసంఘం తిరిగి చూసింది, జైపాల్ సింగ్ ముండా సభలో ఆదివాసుల తరఫున గట్టిగా మాట్లాడాడు. చివరికి వచ్చింది అయిదో షెడ్యూలు. గవర్నరు ప్రత్యేక అధికారం ఉంది, భూబదిలీ నిషేధించే అధికారం ఉంది, కొత్తగా గిరిజన సలహా మండలి, అందరితోపాటు ఓటు. పాత సామాను చాలానే కొత్త ఇంట్లో సర్దారు.

జమీందారీలు 1948 చట్టంతో పోయాయి. ముఠాలు 1969 రెగ్యులేషన్‌తో పోయాయి. 1959 భూబదిలీ రెగ్యులేషన్, దాన్ని బిగించిన 1970 సవరణ, ఏజెన్సీలో అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది, 1917 చట్టానికి మనవలు. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనుడి నుంచి గిరిజనుడికే మారాలి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా మొదట గిరిజనుడిదేనని అనుకోవాలి, కాదని నిరూపించుకునే బాధ్యత గిరిజనేతరుడిదే.

1997లో సుప్రీంకోర్టు సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో తీర్పు ఇచ్చింది. కేసు మొదలైంది మన అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలో, ప్రైవేటు మైనింగ్ లీజుల మీద. ప్రభుత్వం కూడా ఆ నిషేధం కిందకు వచ్చే గిరిజనేతర "వ్యక్తే" అని, షెడ్యూల్డు ప్రాంత భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. తెల్లదొరలు సైన్యం ఖర్చు తగ్గించుకోవడానికి గీసిన గీత మీద నిలబడి ఒక ఊరు ఒక ప్రభుత్వాన్ని ఆపింది. ఎప్పుడూ ఇలా గెలుస్తారని కాదు. కొండల్లో మాచ్‌ఖండ్ కరెంటు పుట్టింది, బొర్రా మీదుగా బైలడిల్లా ఇనుపఖనిజం రైల్లో పోర్టుకు దిగింది, రెండింటికీ గీత అడ్డం రాలేదు. 2020లో షెడ్యూల్డు ప్రాంత టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ను సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇంకో గీత సంగతి కూడా చెప్పాలి, దాని తలనొప్పి వేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయి కోరాపుట్ అయింది. భాషను బట్టి గీసిన గీత అది. కానీ కొండ మీద కువి మాట్లాడే ఊరు తెలుగుదా, ఒడియాదా? సాలూరు పైన కొఠియా గ్రామాల తగాదా ఈ రోజుకీ తెగలేదు. అక్కడివాళ్లకు రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ, రెండు రాష్ట్రాల ఓట్లూ ఉన్నాయి. ఎన్నికలప్పుడు రెండువైపుల అధికారులకూ టెన్షన్.

గీత ఇవతలి గిరిజనులు

2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లాను మూడు చేశారు. కొండ ప్రాంతం పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది, పల్లం అనకాపల్లి, విశాఖపట్నం జిల్లాలయ్యాయి. 1863లో కొండ అంచుకు జరిపిన గీత ఇప్పుడు చాలామటుకు జిల్లా సరిహద్దుగా కనిపిస్తోంది.

ఇందాక గుర్తుంచుకోమన్న ముక్క ఇక్కడ పనికొస్తుంది. గీత గీసింది జనాన్ని చూసి కాదు, ఎస్టేట్లను చూసి. అందుకే కొండ దిగువన, అనకాపల్లి జిల్లాలోని రావికమతం, రోలుగుంట, దేవరాపల్లి, గొలుగొండ, నాతవరం మండలాల్లో గిరిజన గూడేలు గీత బయట ఉండిపోయాయి. వీటిని నాన్ షెడ్యూల్డు గ్రామాలు అంటారు. కొండదొరలు, కోందులు ఇటూ ఉన్నారు, అటూ ఉన్నారు. పిల్లను అటువైపు ఇస్తారు, పండగకు ఇటువైపు వస్తారు. కానీ అటువైపు వియ్యంకుడి భూమికి వన్ ఆఫ్ సెవెంటీ ఉంది, 1996 పెసా చట్టం కింద గ్రామసభ మాటకు విలువ ఉంది, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆఫీసు ఉంది. ఇటువైపు వియ్యంకుడి జీడిమామిడి తోటను ఎవరైనా కాగితం రాయించుకుని కొనేయొచ్చు. కేసు వేయాలంటే మామూలు కోర్టే, రంప కొండరెడ్డికి 1879కి ముందు ఉన్నలాంటిదే.

తమ ఊళ్లను అయిదో షెడ్యూలులో చేర్చమని ఈ గూడేల వాళ్లు ఏళ్లుగా అర్జీలు పెడుతున్నారు, కలెక్టరేట్ల ముందు ధర్నాలు చేస్తున్నారు. చేర్చాలంటే రాష్ట్రం తీర్మానించి పంపాలి, కేంద్రం ఒప్పుకోవాలి, రాష్ట్రపతి ఉత్తర్వు ఇవ్వాలి. గీతను ఇటువైపు పది మైళ్లు జరిపితే దాని కింద ఎవరి తోటలు, ఎవరి క్వారీలు వస్తాయో నర్సీపట్నం, చోడవరం రిజిస్ట్రారు ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లకు బాగా తెలుసు.